పదకొండు అటకల్లో ఒకే బొటనవేలు

జనవరి 9, మంగళవారం

ఈరోజు ఏడు ఇళ్ళకు గ్రేడ్లు వేశాను. మూడేళ్ళు యూనివర్సిటీలో తత్వశాస్త్రం చదివి, ఉనికి అంటే ఏమిటని అరవై పేజీల వ్యాసం రాసినవాణ్ణి. ఇప్పుడు ఊరి జనం ఇళ్ళకు వెళ్ళి, అటక మీద చలి ఆపే గాజు దూది ఉనికిలో ఉందో లేదో చూసి వస్తున్నాను. చదువు వృథా పోలేదని అమ్మకు చెప్పాలి.

ఆఖరిది వీవర్స్ రో వీధిలో పదహారో నంబరు. రాతి గోడల పాత ఇల్లు, అటూ ఇటూ భుజాలు రాసుకుంటూ అలాంటివే మరో ఇరవై. యజమాని పికప్ గారు. మార్కెట్ దగ్గర సెలూన్ ఆయనదే. ఇల్లు అద్దెకిచ్చారు. పాత సర్టిఫికెట్‌కు పదేళ్ళు నిండాయి, కొత్తది కావాలి. ఇల్లు వేడిని ఎంత బాగా పట్టుకుంటుందో చూసి ఎ నుంచి జి దాకా గ్రేడు వేస్తాం. ఇ గ్రేడు కన్నా కిందికి పోతే అద్దెకివ్వడానికి వీల్లేదు. అందుకని పెద్దమనిషి షాపు వదిలేసి పొద్దుటి నుంచి అక్కడే కాపలా కాశారు. నేను వెళ్ళేసరికి బేకన్ వేయించి శాండ్‌విచ్ సిద్ధం చేశారు, అద్దెకున్నవాళ్ళ వంటింట్లోనే. అద్దెకున్నావిడ లోర్నా టాటర్సల్ గుమ్మానికి ఆనుకుని నిలబడి, నా పెనం, నా గ్యాసు, ఈయన మర్యాదలు అంది.

గోడలు కొలిచాను. కిటికీలు లెక్కపెట్టాను. గ్యాస్ కుంపటి వెనక దాక్కున్న, ఇల్లంతటినీ వేడి చేసే బాయిలర్‌ను పరామర్శించాను. నాకన్నా వయసులో పెద్దది, దగ్గుతోంది. తర్వాత నిచ్చెన పట్టుకుని మేడ మీదికి, ఇంటి కప్పు కింది అటకలోకి దారిచ్చే మూత కిందికి.

మూత చుట్టూ తెల్ల పెయింటు. ఎక్కడా గీత కూడా లేదు. కేకు మీద క్రీము రాసినట్టుంది. పోయిన వేసవిలో పికప్ గారే స్వయంగా వేశారట. బాబ్బాబు, దాన్ని పగలగొట్టకు, రెండు వారాలు మెడ పట్టేసింది నాకు అన్నారు. పైన దూది ఉందయ్యా, మా నాన్నే తెచ్చి పరిచాడు, పక్కింట్లో ఉన్నదే ఇక్కడా అన్నారు.

పక్కిల్లు, పద్నాలుగో నంబరు, పోయిన వారమే చూశాను. అక్కడ బుద్ధిగా అటక ఎక్కాను. పసుప్పచ్చ గాజు దూది, మధ్యలో నిలబెట్టిన నా టేపు, ఇరవై ఏడు సెంటీమీటర్లు. ఫొటో ఫోన్లో ఉంది.

మా వృత్తిలో ధర్మసూత్రం ఒక్కటే. కంటితో చూడనిది లేనట్టే రాయాలి. మా యూనివర్సిటీలో దీని మీద రెండు టర్ములు వాదించుకున్నారు. ఇక్కడ శిక్షణలో పది నిమిషాల్లో తేల్చేశారు.

టైము మూడు నలభై. బయట వాన, చీకటి పడిపోతోంది. నోట్లో ఆయన పెట్టిన బేకన్. నిచ్చెన మీద రెండు మెట్లు ఎక్కి, కాసేపు ఈల వేసి, దిగాను. పక్కింటి ఫొటో జత చేశాను.

దూది ఎక్కడున్నా దూదే. అటకలన్నీ లోపల ఒకేలా ఉంటాయి. ఇది జ్ఞానం.

జనవరి 10

పదహారో నంబరు సర్టిఫికెట్ల రిజిస్టర్‌లోకి ఎక్కింది. యాభై అయిదు మార్కులు, డి గ్రేడు. డి మొదలయ్యేదే యాభై అయిదు దగ్గర. గట్టు మీద ఒంటికాలితో నిలబడి చెయ్యి ఊపుతోంది ఇల్లు. మా బాస్ డెనీస్ నా లెక్క చూసి, రోజుకు ఏడు చేస్తున్నావు, ఏమయ్యా ఫిలాసఫీ, నువ్వూ పనికొచ్చేవాడివేనే అంది.

జనవరి 18, గురువారం

పబ్‌లో బేకన్ కథ చెప్పాను. బల్లలు చరిచి నవ్వారు. పెయింటు సంగతి చెప్పలేదు. చెబితే ఇంకా నవ్వేవారు. ఎందుకో చెప్పలేదు.

ఫిబ్రవరి 2, శుక్రవారం, మధ్యాహ్నం

లోర్నా ఫోన్ చేసింది. సర్టిఫికెట్ మీద నా నంబరు ఉంటుంది కదా. చల్లకొచ్చి ముంత దాచినట్టు, ముందు వాన గురించి మాట్లాడింది, తర్వాత బర్న్‌లీ ఫుట్‌బాల్ జట్టు ఓడిపోవడం గురించి మాట్లాడింది. ఆఖరికి, ఫిర్యాదు కాదు బాబూ, ఊరికే అడుగుదామని అంది.

సంగతి ఇది. ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్ళ ఇళ్ళకు ఉచితంగా అటక మీద దూది పరిచి, కొత్త బాయిలర్ పెట్టే పథకం ఒకటి కౌన్సిల్ పెట్టింది. మార్చి ఎనిమిదితో ఆఖరు. ఆమె భర్త క్లిఫ్‌కు ఆ జబ్బే. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం, రోజంతా మేడ మీద గదిలో. నేను వెళ్ళిన రోజు కూడా ఉన్నాడట, తలుపు వేసి ఉంది, నేను చూడలేదు. నేను చూడనివి చాలా ఉన్నాయి. డాక్టర్ ఉత్తరం తెచ్చుకున్నారు. ఆదాయం తక్కువే కనక అదీ సరిపోయింది. పికప్ గారు సంతకం పెట్టారు. అన్నీ అయ్యాక కౌన్సిల్ ఆఫీసులో అమ్మాయి కంప్యూటర్‌లో చూసి, ఈ పథకం ఇ, ఎఫ్, జి గ్రేడు ఇళ్ళకేనమ్మా, మీది డి, మీది మంచి ఇల్లు అందట.

మంచి ఇంట్లో ఉన్నామని తెలీక తొమ్మిదేళ్ళుగా కోట్లేసుకుని భోంచేస్తున్నాం బాబూ అంది లోర్నా.

తర్వాత, డి అంటే నిజంగా మంచిదేనా అని అడిగింది. కాలేజీలో అయితే కాదండీ, ఇళ్ళకైతే ఫర్వాలేదు అన్నాను. నవ్వింది. ఒకసారి చూస్తానండీ అన్నాను. థాంక్స్ నాయనా అంది.

ఆమెను నవ్వించి ఫోన్ పెట్టాను. నా ప్రతిభ అది.

అదే రోజు, సాయంత్రం 6

ఇంట్లో కంప్యూటర్ తెరిచి, పదహారో నంబరులో దూది మందం దగ్గర సున్నా కొట్టి చూశాను.

యాభై అయిదు కాస్తా ముప్పై ఎనిమిదైంది. ఎఫ్. ఇ కావాలన్నా ఒక్క మార్కు తక్కువ.

దూది నిజంగానే ఉందేమో. పికప్ గారు అబద్ధాలాడే మనిషిలా లేరు. ఉంటే నాది తప్పు కాదు, తొందరపాటు. లేకపోతే తప్పు. ఉందో లేదో నాకు తెలీదు. తెలుసుకోవడానికే నాకు జీతమిస్తున్నారు.

ఫిబ్రవరి 5, సోమవారం

డెనీస్‌ను ఊహాజనితంగా అడిగాను. ఊహకు, ఎవరో ఒకడు, మనవాడు కాదు, ఎక్కడో యార్క్‌షైర్‌లో, ఒక అటక ఎక్కకుండా ఎక్కానని రాసి, తర్వాత దిద్దుకుంటానంటే ఏమవుతుంది అని.

గుమ్మడికాయ దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టే ఉంది నా అడగడం. కానీ ఆమె తల ఎత్తలేదు. టైపు చేస్తూనే చెప్పింది. ఒక్కటి దిద్దితే చాలు, మాకు లైసెన్సులిచ్చే సంస్థ వాళ్ళు ఆ మనిషి చేసినవన్నీ లాగుతారట. లాగితే ఇంకా దొరుకుతాయి. దొరికితే వాడి లైసెన్సు పోతుంది, వాణ్ణి పెట్టుకున్న కంపెనీ కూడా మూడు నెలలు నేల నాకుతుంది. మన దగ్గర అయిదుగురున్నారు, అందులో ముగ్గురికి పిల్లలున్నారు అంది. తర్వాత, ఊహాజనిత ప్రశ్నలడిగేవాడికి జీతం కూడా ఊహాజనితంగానే ఇస్తా, పోయి పని చూసుకో అంది.

పోయి పని చూసుకున్నాను. ఆరు ఇళ్ళు. ఆరు అటకలూ ఎక్కాను. ఒకచోట పావురం చచ్చి ఉంది. దానికీ నమస్కారం పెట్టాను.

ఫిబ్రవరి 6

పద్నాలుగో నంబరు ఫొటోను ఈరోజు పెద్దది చేసి చూశాను. టేపు పక్కన నా బొటనవేలు పడింది. కొత్త సంవత్సరం రోజు రొట్టె కోస్తూ కోసుకున్నాను, నీలం రంగు ప్లాస్టర్ ఉంది దానికి.

ఆ ఫొటో పనికొచ్చేదే కనక ఒక్క పదహారో నంబరుకే వాడలేదు నేను. మూత బిగుసుకుపోయిన చోట, మూత కింద బీరువా ఉన్న చోట, కుక్క ఉన్న చోట, నాకు ఆకలేసిన చోట. లెక్కపెట్టాను. నిజంగా దూది ఉన్న పద్నాలుగో నంబరును తీసేస్తే పదకొండు ఇళ్ళు.

నీలం ప్లాస్టర్ వేసుకున్న ఒకే బొటనవేలు నెల రోజుల్లో పదకొండు అటకలెక్కి దిగింది. నేనెక్కలేదు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ ఎవరూ చూడట్లేదనుకుంటుందట. ఈ పిల్లి తాగుతున్నప్పుడు ఫొటో కూడా తీసుకుని, గిన్నె గిన్నెకూ దాన్ని అంటించింది.

గాయం ఎప్పుడో మానింది. మచ్చ కూడా లేదు.

ఫిబ్రవరి 11, ఆదివారం

మంచు పడింది. ఎవరి పైకప్పుల మీద తొందరగా కరుగుతోందో చూస్తూ ఊరంతా నడిచాను. తొందరగా కరిగితే అటక మీద దూది లేనట్టే, ఇంట్లో వేడి పైకి పోతున్నట్టే. వీవర్స్ రోలోకి వెళ్ళలేదు.

ఫిబ్రవరి 17, శనివారం

వెళ్ళాను.

చేతులు ఊపుకుంటూ ఎలా వెళ్తాను, నూనె హీటరు ఒకటి కొన్నాను. ఆఫీసు నుంచి చలికాలపు కానుకండీ అన్నాను లోర్నాతో. ఇలాంటి కానుకలిచ్చే ఆఫీసు ఎక్కడైనా ఉంటే నేనూ చేరతాను. ఆమె దాన్ని చుట్టూ తిరిగి చూసి, చాలా బావుంది నాయనా, గంటసేపు పెడితే ముందే డబ్బులేసుకునే మా కరెంటు మీటరు కార్డు ఆకలో అని అరుస్తుంది, ఆయన ఆక్సిజన్ మిషనూ దాని మీదే అంది. దాన్ని మెట్ల కింద పెట్టి దాని మీద టవల్ కప్పింది. ఇంటికొచ్చిన చుట్టాన్ని పడుకోబెట్టినట్టు.

క్లిఫ్ నన్ను చూస్తానన్నాడట. మేడ మీదికి పంపింది.

గదిలో కిటికీకి లోపలి వైపు నీళ్ళు కారుతున్నాయి. మనిషి ఉన్ని టోపీ పెట్టుకుని, మూడు దుప్పట్ల కింద కూర్చుని పేపర్లో గళ్ళనుడి నింపుతున్నాడు. ముక్కుకు గొట్టం. మూలన మిషను గుర్రుపెడుతోంది. నాలుగు మాటలు మాట్లాడి ఆగుతాడు, ఊపిరి తీసుకుంటాడు, మళ్ళీ నాలుగు.

కూర్చో అబ్బాయ్ అన్నాడు. ఇరవై ఏడేళ్ళు బస్సు తోలాను అన్నాడు. టికెట్ లేకుండా ఎక్కినవాడి మొహం నాకు అద్దంలోనే తెలిసిపోయేది, నీ మొహం అలా ఉంది అన్నాడు.

జోకు వెయ్యబోయాను. రాలేదు.

ఆ రోజు నిచ్చెన వేశావు, ఈల వేశావు, నిచ్చెన తీశావు అన్నాడు. నా మంచానికి సరిగ్గా పైనే అటక, అక్కడ ఎలుక తుమ్మినా వినపడుతుంది నాకు, నువ్వు నడవలేదు అన్నాడు.

మరి అప్పుడే ఎందుకు చెప్పలేదండీ అన్నాను.

ఎందుకు చెప్పాలి అన్నాడు. అక్కడ ఏమీ లేదని నాకు తెలుసు, రాత్రంతా పైనుంచి గాలి నా నెత్తి మీదికి దిగుతుంది, అందుకే ఈ టోపీ. నువ్వు ఎక్కి చూస్తే ఎఫ్ వేస్తావు. ఎఫ్ వేస్తే పికప్‌కు ఖర్చు, ఆ ఖర్చుకు భయపడి ఇల్లు అమ్మేస్తాడు, మేం ఎక్కడికి పోతాం. వీడెవడో బద్ధకస్తుడు, దేవుడే పంపాడు అనుకున్నాను అన్నాడు. తర్వాత ఊపిరి తీసుకున్నాడు. చాలాసేపు తీసుకున్నాడు. ఈ పథకం సంగతి అప్పటికి మాకు తెలీదుగా అన్నాడు.

లోర్నాకు తెలుసా అని అడిగాను. తెలీదు, చెప్పకు అన్నాడు. ఒక ఇంట్లో ఒక వెధవను భరిస్తోంది, రెండోవాణ్ణి కూడా దాని నెత్తిన పెట్టకు అన్నాడు.

నిజం చెబితే నా ఉద్యోగం పోతుందని కూడా ఆయనే అన్నాడు. నేను చెప్పలేదు. డ్రైవర్లకు ఇవి తెలుస్తాయట, టికెట్ లేకుండా ఎవణ్ణయినా ఎక్కించుకుంటే వాళ్ళ ఉద్యోగమూ అలాగే పోయేదట. ఈ చలికాలం గడిచిపోతుందిలే అబ్బాయ్ అన్నాడు. పేపర్ తిప్పి, ఏడక్షరాల మాట ఒకటి అడిగాడు. నాకు తెలీలేదు.

దిద్దమని ఒక్కసారైనా అడగలేదు. అడిగి ఉంటే బావుండేది. కనీసం కుదరదండీ అని చెప్పడానికి నాకో అవకాశం ఉండేది.

ఫిబ్రవరి 18, ఆదివారం

మా అమ్మ ఇల్లు బి గ్రేడు. ఫిబ్రవరిలో బనీనుతో తిరుగుతున్నాను.

ఫిబ్రవరి 26, సోమవారం

లోర్నా ఫోన్. నీ హీటరు వచ్చి తీసుకెళ్ళు నాయనా, మెట్ల కింద అడ్డంగా ఉంది అంది. క్లిఫ్ ఎలా ఉన్నారని అడిగాను. శుక్రవారం నుంచి ఆస్పత్రిలో ఉన్నాడు, ఛాతీలో నిమ్ము చేరింది అంది. అక్కడ వెచ్చగా ఉంది, నర్సులతో నన్ను ఇక్కడే అద్దెకు ఉంచేసుకోండి అంటున్నాడు అంది. నవ్వింది.

నన్ను నవ్వించడానికి నవ్వింది. నేనెలాంటివాణ్ణో ఆమెకు తెలిసినట్టుంది. నవ్వాను.

మార్చి ఎనిమిదికి పదకొండు రోజులు. ఈ అంకె నన్ను వదిలేలా లేదు.

ఫిబ్రవరి 29, గురువారం

నాలుగేళ్ళకోసారి వచ్చే రోజు. ఇవాళ చేసిన తప్పు మళ్ళీ గుర్తురావడానికి నాలుగేళ్ళు పడుతుందని ఎవరైనా చట్టం చేస్తే బావుండును. ఒప్పుకోలుకు కూడా ఇదే మంచి రోజనిపించింది.

సెలూన్‌కు వెళ్ళాను. పికప్ గారు ఎవరి మెడ మీదో కత్తి ఆడిస్తున్నారు. కత్తి పట్టుకున్నవాడికి నిజం చెప్పకూడదు. కుర్చీలో మనిషి లేచేదాకా ఆగాను. తర్వాత చెప్పాను. నేను ఎక్కలేదండీ, పక్కింటి ఫొటో పెట్టాను అన్నాను.

ఆయనకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక అడిగిన మొదటి మాట, మా నాన్న అబద్ధం చెప్పాడంటావా అని. నాకు తెలీదండీ, అదే చూద్దామని వచ్చాను అన్నాను. షాపు తలుపుకు బోర్డు తిప్పి, కోటు వేసుకున్నారు. ఇద్దరం వీవర్స్ రోకు నడిచాం.

లోర్నా తలుపు తీసింది. ఆస్పత్రికి బయల్దేరుతోంది, చేతిలో క్లిఫ్ పైజామాల సంచీ. ఆగింది.

పెయింటును పికప్ గారే కోశారు. నన్ను ముట్టుకోనివ్వలేదు. సెలూన్ నుంచి తెచ్చిన కత్తితో మూత నాలుగు పక్కలా మెల్లగా గీశారు, ఎవరికో గడ్డం గీస్తున్నట్టు. తెల్ల పొట్టు ఆయన జుట్టు మీద పడింది. మూత ఎత్తగానే చలి ఒక్కసారిగా మా మొహాల మీదికి దిగింది.

నేను ఎక్కాను. ఈసారి నిజంగా.

దూది ఉంది. మూడు చుట్టలు. ప్లాస్టిక్ సంచీల్లోనే, విప్పకుండా, దూలాల మీద వరసగా పెట్టి ఉన్నాయి. ఒకదాని మీద పాత ధర చీటీ ఇంకా అతుక్కునే ఉంది. చుట్టూ ఉత్త చెక్క పలకలు, వాటి కింద క్లిఫ్ గది సీలింగు. పైన కప్పు రాళ్ళ సందుల్లోంచి ఆకాశం గీతలు గీతలుగా కనిపిస్తోంది. టేపు తీసి పలకల మీద పెట్టాను. ఫొటో తీశాను. సున్నా. ఇది నా జీవితంలో అన్నిటికన్నా జాగ్రత్తగా కొలిచిన కొలత.

దిగి చెప్పాను. పికప్ గారు నమ్మలేదు. అరవై దాటిన మనిషి, నిచ్చెన ఎక్కి తల దూర్చి చూశారు. మాకు ఆయన కాళ్ళే కనిపిస్తున్నాయి.

దిగి మెట్ల మీద కూర్చున్నారు. చుట్టలు పైకి ఎక్కించేసరికి మా నాన్నకు నడుం పట్టేసి ఉంటుంది, రేపు పరుద్దాంలే అనుకుని ఉంటాడు అన్నారు. ప్రతి క్రిస్మస్‌కూ చెప్పేవాడయ్యా, నేను చేసినట్టు పరచడం ఈ వీధిలో ఎవరి వల్లా కాదు అని. తర్వాత తలెత్తి, మరి నువ్వు ఆ డి గ్రేడు నా కోసం వేశావా, నా బేకన్ కోసం వేశావా అని అడిగారు.

నా కోసమేనండీ, తొందరగా ఇంటికెళ్ళాలని అన్నాను.

లోర్నా అప్పటిదాకా సంచీ కింద పెట్టలేదు. అంటే నువ్వు ఎక్కలేదు అంది. లేదండీ అన్నాను. నీ కాగితం వచ్చాక నేను క్లిఫ్‌ను కసిరాను అంది. ఇల్లు బాగానే ఉందంట, నీకే ముసలితనం వచ్చింది, ఆ టోపీ తీసి అవతల పారెయ్ అని ఆయన్ని అన్నాను. రెండు రోజులు నాకోసం టోపీ తీసి కూర్చున్నాడు అంది.

అరవలేదు. తిట్టలేదు. నాయనా అని మాత్రం అనలేదు. సంచీ తీసుకుని బస్సుకు వెళ్ళిపోయింది.

క్లిఫ్‌కు ముందే తెలుసని నేను చెప్పలేదు. అది ఆయన చెప్పుకోవలసింది. నా చేతిలో ఉన్నవి నాకు చాలు.

మార్చి 1, శుక్రవారం

డెనీస్‌కు చెప్పాను. యార్క్‌షైర్‌వాడు నేనేనండీ అన్నాను.

ఎన్ని అంది. పదకొండు అన్నాను. లేచి వెళ్ళి గది తలుపు వేసింది. తత్వశాస్త్రం చదివినవాణ్ణి పెట్టుకోకు, వాడికి ఏదీ నిజం కాదని మా ఆయన మొత్తుకున్నాడు అంది. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని, గొంతు తగ్గించి, నా వైపే ఉన్నట్టు మాట్లాడింది. ఒక్క పదహారో నంబరే ఒప్పుకో అంది. మూత తెరుచుకోలేదు, పక్కింటిది చూసి పొరబడ్డానని రాయి, మిగతా పదీ జోలికి పోకు, ఎవరూ అడగలేదు, ఎవరికీ ఏమీ కాలేదు అంది.

అన్ని ఫొటోల్లోనూ నా బొటనవేలు ఉందండీ అన్నాను.

ఆ ముక్క అప్పుడే కత్తిరించి ఉండాల్సింది అంది. ఫొటోనా, వేలునా అని అడగలేదు నేను.

ఎవరికీ ఏమీ కాలేదన్న మాట పట్టుకుని మూడు గంటలు కూర్చున్నాను. పోయిన నెల దాకా పదహారో నంబరులో కూడా ఎవరికీ ఏమీ కాలేదు. నాకు తెలిసినంతలో. పదకొండూ రాసి లైసెన్సు సంస్థకు పంపాను. పంపాక డెనీస్ నా బల్ల దగ్గరికొచ్చి తాళాలడిగింది. వ్యానువీ, ఆఫీసువీ. అయిదుగురి గురించి చెప్పాను నీకు అంది. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తాళాలు రెండూ బల్ల మీద పెట్టాను.

మార్చి 6, బుధవారం

రిజిస్టర్‌లో పదహారో నంబరు మారింది. నా సున్నా ఫొటో చూసి ఆ సంస్థవాళ్ళే వేరే మనిషిని పంపి తిరగరాయించారు. ముప్పై ఎనిమిది. ఎఫ్.

ఇంత నాసి గ్రేడు చూసి ఇంత సంబరపడ్డవాడు ఈ దేశంలో మరొకడు ఉండడు. లోర్నా ఫోన్ ఎత్తలేదు. పికప్ గారికి చేశాను. ఆయన నాతో పొడిపొడిగా, మధ్యాహ్నమే వెళ్ళి కాగితాలన్నీ ఇచ్చొచ్చాను, గడువుకు రెండు రోజుల ముందే అందాయని అక్కడివాళ్ళు చెప్పారు అన్నారు. ఎఫ్ వచ్చింది కనక పని పూర్తయ్యేదాకా నా మెడ మీద కత్తి ఉన్నట్టే అన్నారు. అమ్ముతారా అండీ అన్నాను. మా నాన్న మొదలెట్టిన పని అయ్యేదాకా అమ్మను అన్నారు. ఫోన్ పెట్టేశారు.

మార్చి 14

లైసెన్సు రద్దు. ఉత్తరం మర్యాదగా ఉంది. డెనీస్ కంపెనీకి తాకీదు వచ్చిందట, మూసెయ్యలేదు, కానీ ఇద్దరిని తీసేసింది. వాళ్ళలో ఒకడికి నేను పుట్టినరోజు కేకు కొన్నాను జనవరిలో. వాడు నాకు ఒక మెసేజ్ పంపాడు. దాన్ని ఇక్కడ రాయను.

మార్చి 20, బుధవారం

పదహారో నంబరులో దూది పరిచారు. కొత్తది. బాయిలర్ ఈస్టర్ తర్వాతట. క్లిఫ్ ఇంటికొచ్చాడు, కానీ మెట్లు ఎక్కలేకపోతున్నాడట, మంచం కింది గదిలోకి దించారట. పరిచిన దూది ఖాళీ గది మీద ఉంది ప్రస్తుతానికి. ఇవన్నీ పికప్ గారు చెప్పారు, నా తల కత్తిరిస్తూ. కూర్చోనిచ్చారు. డబ్బులు తీసుకున్నారు. బేకన్ మాట ఎత్తలేదు.

లోర్నా నాకు ఫోన్ చెయ్యలేదు. చెయ్యాల్సిన పనీ లేదు.

మిగతా పది ఇళ్ళవాళ్ళకు ఉత్తరాలు వెళ్తాయట. మీ సర్టిఫికెట్‌లో సాంకేతిక సవరణ జరిగింది అని. ఒక వాక్యమే. నేను చదివాను. అందులో నేను లేను.

మార్చి 26, మంగళవారం

ఆ పదిలో మొదటి ఇంటికి, నేనే చెబుదామని వెళ్ళాను. గంట కొట్టాను. ఒకావిడ తలుపు తీసింది, చంకలో బిడ్డ. నా పేరు చెప్పాను. ఇంకేమీ చెప్పకముందే, తొందరగా లోపలికి రా అబ్బాయ్, తలుపు వెయ్యి, వేడంతా బయటికి పోతోంది అంది.

వేశాను. లోపల చలికి నా ఊపిరి నాకే ఆవిరిలా కనిపించింది.